డ్రిల్ బిట్ల స్టోర్: కేటగిరీ పేజీల్లో టెక్స్ట్ తగ్గించి ర్యాంక్ పెంచిన కేస్ స్టడీ

పవర్ టూల్స్‌లో వాడే డ్రిల్ బిట్లు, కటింగ్ డిస్కులు, యాంకర్లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ ఇది. సైట్ వేగంలో లోపం లేదు. బయటి సైట్ల నుంచి వచ్చే లింకులు పోటీ స్టోర్లకు తీసిపోవు. అయినా ముఖ్యమైన కేటగిరీ పేజీలు గూగుల్ ఫలితాల్లో రెండో పేజీ దాటి పైకి రావడం లేదు. ప్రొడక్ట్ పేజీల్లో చాలావాటిని సెర్చ్ కన్సోల్ (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే రిపోర్ట్ టూల్) ‘క్రాల్ అయింది, ప్రస్తుతం ఇండెక్స్ కాలేదు’ అనే ఖాతాలో వేసింది. అంటే గూగుల్ ఆ పేజీలు చదివింది, ఫలితాల్లో చూపించే జాబితాలో మాత్రం చేర్చలేదు.

విచిత్రమేమంటే, పేజీల మీద టెక్స్ట్‌కి కొదవ లేదు. ప్రతి కేటగిరీ పేజీలోనూ ప్రొడక్ట్ గ్రిడ్ కింద ఎనిమిది వందల పదాల వ్యాసం ఉంది. డ్రిల్ బిట్ అంటే ఏమిటి, ఎన్ని రకాలు, మా స్టోర్‌లోనే ఎందుకు కొనాలి, ఇదీ వరస. మేసన్రీ బిట్ల (గోడలు, కాంక్రీట్ తొలిచేవి) పేజీలో ఉన్న వ్యాసమే ‘మేసన్రీ’ బదులు ‘మెటల్’ అని పెట్టుకుని పక్క పేజీలో కూర్చుంది. ప్రొడక్ట్ పేజీల్లోనేమో తయారీదారు పంపిన రెండు పేరాలు, అక్షరం మార్చకుండా. ఆ బ్రాండు అమ్మే ప్రతి స్టోర్‌లోనూ అవే రెండు పేరాలు.

స్టోర్ వాళ్లు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: వ్యాసాలను ఇంకా పొడిగించాలా? జరిగింది దానికి పూర్తిగా తిరగేసిన పని. వ్యాసాలు పోయాయి. వాటి స్థానంలో ఆ ఒక్క పేజీకి మాత్రమే చెల్లే ఎనభై నుంచి నూట ఇరవై పదాలు వచ్చాయి. అసలు శ్రమంతా ఆ పదాలు ఏవో తేల్చుకోవడంలోనే ఉంది.

ఎనిమిది వందల పదాలు ఎందుకు పనిచేయలేదు

ఒక మాటను ఎన్నిసార్లు రాస్తే అంత బలం అన్న నమ్మకం ఇప్పటికీ చావలేదు. సెర్చ్ రంగంలో పాతకాలం నుంచి అందరికీ తెలిసిన, పేజీలకు స్కోరు లెక్కగట్టే బీఎం25 ఫార్ములానే తీసుకోండి. అందులో ఒక పదం మొదటి రెండు మూడు సార్లు కనిపించినప్పుడు స్కోరు బాగా పెరుగుతుంది, ఆ తర్వాత పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. డాక్యుమెంట్ సగటు కంటే పొడవైతే స్కోరు తగ్గుతుంది. అన్నిచోట్లా ఉండే పదానికి విలువ తక్కువ, అరుదుగా వచ్చే పదానికి ఎక్కువ. గూగుల్ దీన్ని దాటి ఎంతో ముందుకు వెళ్లింది. 2019 నుంచి భాషను అర్థం చేసుకునే బెర్ట్ మోడల్‌తో, క్వెరీలోని (వెతికేవాడు కొట్టిన వాక్యంలోని) మాటల మధ్య సంబంధాన్ని కూడా చూస్తోంది. కానీ ఆ పాత లెక్కలో చూసినా ఈ వ్యాసాలు నిలబడవు. సైట్‌లో ‘డ్రిల్ బిట్’ అన్న మాట లేని పేజీ లేదు, కాబట్టి అది ఏ పేజీనీ మరో పేజీ నుంచి వేరుచేయదు. వేరుచేసేవి ‘ఎస్‌డీఎస్ ప్లస్’ (రోటరీ హ్యామర్ మిషన్‌లో పట్టే బిట్ రకం), ‘160 మి.మీ.’, ‘పోర్సలిన్ టైల్’ లాంటివి. అవి వ్యాసాల్లో ఎక్కడా లేవు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘అంటే ఏమిటి’ అని మొదలయ్యే పొడుగాటి వ్యాసం పెట్టేసరికి అది సమాచారం ఇచ్చే పేజీనా, సరుకు అమ్మే పేజీనా అన్నది మసకబారుతుంది. కేటగిరీ పేజీలో లింకులు తప్ప ఏ మాటా లేకపోతే ర్యాంక్ ఇవ్వడం కష్టమని, అలాగని అడుగున పెద్ద వ్యాసం పెట్టాల్సిన పనీ లేదని గూగుల్‌కి చెందిన జాన్ మ్యూలర్ బహిరంగంగానే చెప్పారు. పసలేని పేజీల మీద గూగుల్ 2011 ఫిబ్రవరిలోనే పాండా అప్‌డేట్‌తో కత్తి ఎత్తింది. పదాల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన పస ఉన్నట్టు కాదు.

తయారీదారు పేరాల సంగతి వేరు. డూప్లికేట్ కంటెంట్‌కి ‘శిక్ష’ పడుతుందన్న మాట తప్పు. జరిగేది ఏమిటంటే, ఒకే టెక్స్ట్ ఉన్న పది పేజీల్లో గూగుల్ ఒకటో రెండో ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. ఎంచుకునేది సాధారణంగా పేరున్న పెద్ద స్టోర్ పేజీనే.

ఏ క్వెరీకి ఏ పేజీ

ఒక్క అక్షరం రాయకముందే చేయాల్సింది క్వెరీల పంపకం. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో 16 నెలల డేటా దొరుకుతుంది. తెర మీద వెయ్యి వరసలే కనిపిస్తాయి కాబట్టి ఇలాంటి స్టోర్‌కి ఏపీఐ (ప్రోగ్రామ్‌తో నేరుగా డేటా తీసుకునే మార్గం) ద్వారా దింపుకోవాలి, లేదా ఒక్కో ఫోల్డర్‌కి ఫిల్టర్ పెట్టి విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాని పక్కన ఇంకో మూడు పోగులు పెట్టుకోవాలి: సైట్‌లోని సెర్చ్ బాక్స్‌లో జనం కొట్టిన మాటలు, కస్టమర్ కేర్‌కి వచ్చిన ప్రశ్నలు, వాపసు వచ్చిన సరుకుకి రాసిన కారణాలు. కీవర్డ్ టూల్స్ చూపించే సంఖ్యల కంటే ఈ మూడే ఎక్కువ పనికొస్తాయి. ‘నా మిషన్‌లో పట్టలేదు’ అన్న వాపసు కారణం పదేపదే వస్తోందంటే, షాంక్ (మిషన్‌లో బిగించే బిట్ చివర) గురించి పేజీ ఏమీ చెప్పడం లేదన్నమాట.

ఈ స్టోర్‌లో క్వెరీలు నాలుగు రకాలుగా తేలాయి. దేన్ని తొలవాలి అన్నవి (కాంక్రీట్, స్టెయిన్‌లెస్ స్టీల్, టైల్). ఎంత సైజు అన్నవి. ఏ మిషన్‌లో పడుతుంది అన్నవి. చివరిది సమస్య చెప్పుకునే క్వెరీలు: టైల్ పగలకుండా రంధ్రం ఎలా, బిట్ జారిపోతోంది ఎందుకు. మొదటి రకం కేటగిరీ పేజీకి, నాలుగో రకం గైడ్ పేజీకి వెళ్లాయి. ఇందులో పెద్ద వాదన లేదు. తల పట్టుకోవాల్సి వచ్చింది సైజుల దగ్గరే.

సైజు ఫిల్టర్ నొక్కితే ప్రశ్న గుర్తు తర్వాత పారామీటర్‌తో ఒక యూఆర్‌ఎల్ పుడుతుంది. బిట్ మందం, పొడవు, బ్రాండు, షాంక్, ప్యాక్ అని ఐదు ఫిల్టర్లు కలిస్తే వేలకొద్దీ యూఆర్‌ఎల్‌లు. వీటన్నిటినీ ఇండెక్స్‌కి వదిలితే గూగుల్‌బాట్ (పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రామ్) సమయమంతా వాటి మీదే పోతుంది. అన్నిటినీ మూసేస్తే ‘ఎస్‌డీఎస్ ప్లస్ 8 మి.మీ.’ అని వెతికేవాడికి చూపించడానికి పేజీ ఉండదు. పెట్టుకున్న నియమం ఇది: ఆ సైజుకి సెర్చ్ కన్సోల్‌లో గానీ సైట్ సెర్చ్‌లో గానీ నిలకడగా క్వెరీలు ఉండాలి, స్టాకులో కనీసం నాలుగైదు వేర్వేరు ప్రొడక్ట్‌లు ఉండాలి, ఆ పేజీ గురించి పై కేటగిరీలో లేని రెండు వాక్యాలైనా చెప్పగలగాలి. మూడూ ఉంటే పారామీటర్ లేని సొంత యూఆర్‌ఎల్, సొంత టైటిల్, సొంత హెడింగ్, మెనూ నుంచో పై కేటగిరీ నుంచో మామూలు లింకు. ఏ ఒక్కటి లేకపోయినా అది ఫిల్టర్‌గానే ఉంటుంది, కెనానికల్ ట్యాగ్ (అసలు పేజీ ఏదో గూగుల్‌కి చెప్పే గుర్తు) పై కేటగిరీని చూపిస్తుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఫిల్టర్ పేజీలకు నోఇండెక్స్ (ఇండెక్స్‌లో చేర్చొద్దనే ట్యాగ్) పెట్టి, అదే సమయంలో రోబోట్స్ ఫైల్‌లోనూ (ఏ పేజీలు తెరవకూడదో గూగుల్‌బాట్‌కి చెప్పే ఫైల్) అడ్డుకుంటారు. రోబోట్స్‌లో అడ్డుకుంటే గూగుల్ ఆ పేజీ తెరవదు, తెరవకపోతే నోఇండెక్స్ చూడదు. రెండింట్లో ఒకటే వాడాలి. ఇప్పటికే ఇండెక్స్‌లో ఉన్నవాటిని తీయాలంటే ముందు నోఇండెక్స్‌తో బయటికి రానిచ్చి, ఆ తర్వాత కావాలంటే అడ్డుకోవాలి.

టైటిల్, హెడింగ్

పాత టైటిల్: ‘డ్రిల్ బిట్స్ | బెస్ట్ డ్రిల్ బిట్స్ ఆన్‌లైన్ | డ్రిల్ బిట్స్ కొనండి’. కొత్తది: ‘ఎస్‌డీఎస్ ప్లస్ డ్రిల్ బిట్లు: కాంక్రీట్, ఇటుకకు, 5–25 మి.మీ.’, చివర స్టోర్ పేరు. టైటిల్‌కి అక్షరాల పరిమితి అంటూ లేదు. డెస్క్‌టాప్‌లో సుమారు 600 పిక్సెల్స్ దాటాక తెగిపోతుంది, అంతే. కాబట్టి వేరుచేసే మాట ముందుండాలి, స్టోర్ పేరు వెనకుండాలి. 2021 ఆగస్టు నుంచి గూగుల్ టైటిల్‌ని తనే మార్చి చూపించడం బాగా పెంచింది. ఒకే మాట మూడుసార్లు ఉన్నా, అన్ని పేజీలకూ ఒకే తోక ఉన్నా, హెడింగ్‌కీ టైటిల్‌కీ పొంతన లేకపోయినా మార్చేస్తుంది. హెచ్1 (పేజీ ప్రధాన) హెడింగ్‌లో టైటిల్ మొదటి సగమే ఉంచితే ఈ బెడద బాగా తగ్గుతుంది.

మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద చూపించేందుకు రాసే వివరం) ర్యాంక్‌ని కదిలించదు, క్లిక్‌ని కదిలిస్తుంది. మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌లో వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇంకా ఎవరైనా అది నింపడానికి గంటలు లెక్కగడుతుంటే ఆ బిల్లు కొట్టేయవచ్చు.

కేటగిరీ టెక్స్ట్

రెండు ముక్కలుగా పెట్టాం. గ్రిడ్ పైన రెండు వాక్యాలు, ముప్పై పదాలకు మించకుండా, మొబైల్‌లో ప్రొడక్ట్‌లను కిందికి తోసేయకుండా. గ్రిడ్ కింద ఎంపికకు పనికొచ్చే పేరా ఒకటి, చిన్న పట్టిక ఒకటి. ఎస్‌డీఎస్ ప్లస్ పేజీలో కింది పేరా ఇలా వచ్చింది:

“ఎస్‌డీఎస్ ప్లస్ షాంక్ మందం 10 మి.మీ. ఇది ఎస్‌డీఎస్ ప్లస్ రోటరీ హ్యామర్‌లోనే పడుతుంది, మూడు దవడల మామూలు చక్‌లో సరిగా పట్టదు. ఎస్‌డీఎస్ మ్యాక్స్ మిషన్‌కి 18 మి.మీ. షాంక్ కావాలి, ఆ బిట్లు వేరే పేజీలో ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లగ్ ఎన్ని మి.మీ. అయితే బిట్ కూడా అన్ని మి.మీ. తీసుకోండి. పొడవు చూసేటప్పుడు మొత్తం పొడవు కాకుండా పనిచేసే పొడవు చూడండి: 160 మి.మీ. బిట్‌లో గోడలోకి దిగేది సుమారు 100 మి.మీ. కాంక్రీట్‌లో కడ్డీ తగిలే చోట నాలుగు అంచుల కార్బైడ్ తల ఉన్నది మేలు.”

ఇందులో ‘డ్రిల్ బిట్’ అన్న పూర్తి మాట ఒక్కసారి కూడా లేదని గమనించండి. అవసరం లేదు. టైటిల్‌లో ఉంది, హెడింగ్‌లో ఉంది, కింద ఉన్న ప్రొడక్ట్ పేర్లన్నిటిలోనూ ఉంది. గ్రిడ్‌లోని ప్రొడక్ట్ పేర్లు కూడా పేజీ టెక్స్టే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. పాత గ్రిడ్‌లో పేర్లు ‘ప్రో సిరీస్’ తర్వాత తయారీదారు కోడ్‌తో ఆగిపోయేవి. వాటిని ‘బ్రాండు, రకం, సైజు, మొత్తం పొడవు, ప్యాక్’ వరసలో తిరగరాయడం కేటగిరీ పేజీకి పేరా కంటే ఎక్కువ మేలు చేసింది. తయారీదారు కోడ్‌ని మాత్రం తీసేయకూడదు. కోడ్ పెట్టి వెతికేవాడు కొనడానికే వచ్చాడు. పేరు చివర గానీ వివరాల పట్టికలో గానీ అది ఉండాలి.

ఈ పేరాలు రాసేది ఎవరన్నది ముఖ్యం. కౌంటర్ దగ్గరో ఫోన్‌లోనో రోజూ సమాధానాలు చెప్పే మనిషితో అరగంట మాట్లాడి, ఆ మాటలనే రాసుకోవాలి. కంటెంట్ రైటర్‌కి కీవర్డ్ జాబితా చేతిలో పెడితే మళ్లీ ‘అంటే ఏమిటి’ వ్యాసమే వస్తుంది.

ప్రొడక్ట్ పేజీలు

అన్నిటినీ ఒకేసారి తిరగరాయడం కుదరదు, అక్కర్లేదు కూడా. సగటు స్థానం 5 నుంచి 20 మధ్య ఉండి ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) వస్తున్నవి ముందు. తర్వాత ప్రతి కేటగిరీలో ఎక్కువ అమ్ముడయ్యే మొదటి పది. తయారీదారు పేరాలను తీసేయనవసరం లేదు, వాటి పైన మన వివరం ఉంటే చాలు.

ప్రతి పేజీకి ఐదు అంశాలు నింపాలి: ఏ మెటీరియల్‌కి, ఏ మిషన్‌కి, దేనికి పనికిరాదు, సైజుల పట్టిక, వాడేటప్పుడు జాగ్రత్త. వీటిలో మూడోది అమ్మకాల విభాగానికి నచ్చదు, కానీ అదే అన్నిటికంటే విలువైనది. ఉదాహరణకు కోబాల్ట్ బిట్: 5 శాతం కోబాల్ట్ ఉన్నది ఎం35, 8 శాతం ఉన్నది ఎం42. వేడికి తట్టుకుంటుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌కి మంచిది. పెళుసుగా ఉంటుంది కాబట్టి హ్యామర్ మోడ్‌లో పెడితే అంచు విరుగుతుంది, గోడకి పనికిరాదు. 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ మొన, 118 డిగ్రీల మామూలు మొన కంటే మొదట్లో తక్కువ జారుతుంది. తయారీదారు పేరాలో ‘అత్యుత్తమ పనితనం’ అని మాత్రమే ఉన్నచోట ఈ నాలుగు వాక్యాలు చేరితే, ‘బిట్ జారకుండా’, ‘స్టెయిన్‌లెస్‌కి ఏ బిట్’ లాంటి క్వెరీలకు పేజీ దొరకడం మొదలవుతుంది.

సైజుల పట్టిక దగ్గర సాంకేతిక చిక్కు బయటపడింది. ఒక్కో ప్రొడక్ట్‌లో పన్నెండు సైజులు, డ్రాప్‌డౌన్‌లో ఒకటి ఎంచుకుంటేనే దాని కొలతలు సర్వర్ నుంచి వచ్చేవి. గూగుల్‌బాట్ దేన్నీ నొక్కదు. కాబట్టి గూగుల్‌కి తెలిసింది మొదటి సైజు ఒక్కటే. అన్ని సైజులనూ పట్టికగా పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే పెట్టాక, సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో లైవ్ టెస్ట్ నడిపి, రెండర్ అయిన (గూగుల్ పేజీని నడిపాక తనకు కనిపించే) కోడ్‌లో ఒక సైజు సంఖ్యని వెతికి చూశాం. ఇదొక్కటే నమ్మదగిన పరీక్ష. మన బ్రౌజర్‌లో కనిపించడం రుజువు కాదు.

అదే పరీక్షలో ఇంకొన్ని దొరికాయి. ‘వివరాలు’ ట్యాబ్ నొక్కినప్పుడే లోడ్ అవుతోంది. దాన్ని ముందే లోడ్ చేసి, సీఎస్‌ఎస్‌తో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ముడిచి ఉంచితే సరిపోతుంది, ముడిచి ఉన్న టెక్స్ట్‌ని కూడా గూగుల్ లెక్కలోకి తీసుకుంటుంది. కొలతల చార్ట్ బొమ్మగా ఉంది, దాన్ని టెక్స్ట్‌గా మార్చాలి. ‘మి.మీ.’ అన్న ప్రమాణం సీఎస్‌ఎస్ సూడో ఎలిమెంట్ ద్వారా వస్తోంది. అలా వచ్చేది పేజీ నిర్మాణంలో ఉండదు కాబట్టి ఇండెక్స్ కాదు. గూగుల్ చూపులో ఆ పట్టికంతా ప్రమాణం లేని ఒట్టి అంకెలే.

సైజులకు విడి యూఆర్‌ఎల్‌లు ఇవ్వలేదు. సైజు తప్ప వేరే తేడా లేనప్పుడు పన్నెండు పేజీలు పెడితే పన్నెండూ ఒకదానికొకటి డూప్లికేట్లు. ఒకే పేజీ, దానికి ప్రొడక్ట్‌గ్రూప్ స్ట్రక్చర్డ్ డేటా (ఒకే సరుకులోని రకాలన్నిటినీ గూగుల్‌కి విడమరిచి చెప్పే మార్కప్). గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి దీనికి మద్దతు ఇస్తోంది. మార్కప్‌లో రాసింది పేజీ మీద కూడా కనిపించాలి. కనిపించని రేటింగులు, లేని స్టాకు రాస్తే రిచ్ రిజల్ట్స్ (ధర, రేటింగ్ లాంటివి కలిపి చూపించే ఫలితాలు) పోతాయి.

డెలివరీ, వాపసు నియమాల టెక్స్ట్ ప్రతి ప్రొడక్ట్ పేజీలోనూ మూడు వందల పదాలు ఉండేది. సొంత వివరం అరవై పదాలు, అరువు టెక్స్ట్ మూడు వందలు అంటే పేజీలన్నీ కవలల్లా కనిపిస్తాయి. దాన్ని రెండు వాక్యాలకు కుదించి, మిగతాది విడి పేజీకి పంపాం. ఆ రెండు వాక్యాలు స్నిప్పెట్‌లోకి (ఫలితాల్లో టైటిల్ కింద వచ్చే టెక్స్ట్ ముక్క) ఎక్కకుండా డేటా-నోస్నిప్పెట్ లక్షణం పెట్టాం.

ఏది పనిచేసిందో తేల్చడం

అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. అందుకే కేటగిరీలను ఇంప్రెషన్లు దగ్గరదగ్గరగా ఉండేలా మూడు గుంపులు చేశాం. మొదటిదాంట్లో పాత వ్యాసం తీసేయడం మాత్రమే. రెండోదాంట్లో వ్యాసం తీసి, కొత్త టైటిల్, కొత్త పేరా, తిరగరాసిన ప్రొడక్ట్ పేర్లు. మూడోదాన్ని ముట్టుకోలేదు. మార్పు తేదీ నుంచి కాకుండా, ప్రతి పేజీని గూగుల్ మళ్లీ క్రాల్ చేసిన తేదీ నుంచి లెక్క మొదలుపెట్టాం.

మొదటి గుంపు, ముట్టుకోని గుంపుతో సమానంగానే నడిచింది. అంటే ఎనిమిది వందల పదాలు పోయినా పోయిందేమీ లేదు. రెండో గుంపులో ముందు సైజు, షాంక్ క్వెరీలకు ఇంప్రెషన్లు పెరిగాయి, క్లిక్కులు కొన్ని వారాల తర్వాత కదిలాయి. ఈ మధ్యలో ఒక రిపోర్ట్ చూసి స్టోర్ వాళ్లు కంగారుపడ్డారు: సగటు స్థానం దిగజారింది. నిజానికి అది మంచి గుర్తే. పేజీ అంతకుముందు కనిపించని కొత్త క్వెరీలకు నలభై, యాభై స్థానాల్లో కనిపించడం మొదలైతే సగటు కిందికి లాగుతుంది. అందుకే మొదటి రోజే ఒక స్థిరమైన క్వెరీ జాబితా రాసుకుని, సగటు స్థానాన్ని ఆ జాబితా మీదే చూడాలి. మొత్తం సైట్ సగటుకు అర్థం లేదు.

కొత్త చిక్కులు

‘కాంక్రీట్‌కి ఏ బిట్’ అన్న క్వెరీకి కేటగిరీ పేజీ, గైడ్ పేజీ వంతులవారీగా కనిపించడం మొదలుపెట్టాయి. సెర్చ్ కన్సోల్‌లో ఆ క్వెరీని ఎంచుకుని పేజీల ట్యాబ్ చూస్తే తెలుస్తుంది. గైడ్ టైటిల్‌ని ప్రశ్న రూపంలోకి మార్చి, గైడ్‌లోంచి కేటగిరీకి ‘ఇక్కడ చూడండి’ అని కాకుండా ‘ఎస్‌డీఎస్ ప్లస్ కాంక్రీట్ బిట్లు’ అనే మాటలతోనే లింకు ఇచ్చాక సర్దుకుంది.

మిగిలిన వేల ప్రొడక్ట్‌లకు ఏఐతో వివరణలు రాయించాలన్న ఆలోచన వచ్చింది. ఎవరు రాశారన్నది గూగుల్‌కి సమస్య కాదు. కానీ ర్యాంకుల కోసం విలువ లేని పేజీలను కుప్పలుగా పుట్టించడాన్ని 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో చేర్చింది. అంతకంటే దగ్గరి ప్రమాదం కొలతలు. నమూనాగా రాయించినవాటిలో ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ ‘అన్ని రకాల డ్రిల్ మిషన్లలో పడుతుంది’ అని వచ్చింది. ఆ ఒక్క వాక్యంతో ఎన్ని పార్సిళ్లు వెనక్కి వస్తాయో ఊహించుకోవచ్చు. చివరికి కొలతలన్నీ స్టాక్ డేటాబేస్ నుంచే పట్టికలోకి వచ్చేలా చేసి, వాక్యాలు మనిషి చూశాకే పెట్టారు. వాక్యం లేని పేజీలో పట్టిక ఒక్కటే ఉన్నా ఫర్వాలేదు.

ఆఖరుగా తేలాల్సింది స్టాకు అయిపోయిన పేజీలు. మళ్లీ వచ్చే సరుకైతే పేజీని, టెక్స్ట్‌ని అలాగే ఉంచి, మార్కప్‌లో స్టాకు లేదని రాసి, పక్కన అదే సైజు, అదే షాంక్ ఉన్న ప్రత్యామ్నాయాలు చూపిస్తారు. తయారీ ఆగిపోయి, దాని స్థానంలో కొత్త మోడల్ వచ్చి ఉంటే 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) దానికి. ఏదీ లేకపోతే 404 లేదా 410 (పేజీ లేదని చెప్పే కోడ్‌లు). అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404గానే, అంటే పేజీ లేనట్టుగానే, లెక్కేస్తుంది.